ఆకు తుంచిన చెయ్యి

డోరికాకు యాభై తొమ్మిదేళ్ళు. అందులో ఇరవై ఆరేళ్ళు డెడ్జా కొండల మీది చిక్కుళ్ళ పరిశోధన స్టేషనులోనే గడిచిపోయాయి. ఆఖరి పదకొండేళ్ళూ అయితే లేత చిక్కుడాకులకు చిల్లులు పొడవడంతోనే సరిపోయింది. పొద్దున్నే వెళ్ళాలి, వరసగా పెట్టిన కుండీల్లో ఒక్కో మొక్క దగ్గరా వంగాలి, ఆకులోంచి చొక్కా గుండీ అంత ముక్క కత్తిరించాలి, దాన్ని పళ్ళెంలో దాని గుంటలో వేయాలి, నంబరు రాయాలి. మళ్ళీ పక్క మొక్క. నడుం ఎప్పుడో పడిపోయింది. "ఇంకెన్నాళ్ళే నీకీ ఆకుల పిచ్చి?" అని అడిగే చెల్లెలు కూడా పోయిన డిసెంబరులో కన్నుమూసింది.

ఇంత తిప్పలూ ఒక్క గింజ కోసం. రాజ్మా గింజలాంటిదే, కాస్త పొట్టిది, తెల్లటి ఒంటి మీద ఎర్రమచ్చలు. మా వైపు దాన్ని పిట్టగుడ్డు అంటారు. గుప్పెడు పుల్లలు మండితే చాలు, మెత్తగా ఉడికేది. దాని ఆకు కూర వండితే పీచు ఉండదు, మొక్కజొన్న పిండితో చేసే న్సిమ ముద్దలో నంజుకుంటే అడగకుండానే రెండో ముద్ద దిగేది. ఇప్పుడు ఎక్కడుంది? ఆకులు ముడుచుకుపోయే తెగులు ఒకటి వచ్చి కొండ మొత్తం ఊడ్చేసింది. ఆ వైరసు ఏ పురుగు కాలికో, ఏ మనిషి వేలికో అంటుకుని చేను చేనూ తిరిగింది. డోరికా తల్లి చనిపోయేముందు పాలపొడి డబ్బా ఒకటి కూతురి చేతికిచ్చింది. అందులో అడుగున మిగిలినవి రెండు గుప్పెళ్ళు. "మీ స్టేషనులో ఏవేవో చేస్తారటగా, దీన్ని బతికించవే" అంది. అడిగేవాళ్ళకేం, ఒక్క మాట. చేసేవాళ్ళకు పదకొండేళ్ళు పట్టింది.

స్టేషనులో అప్పటికే ఒక తట్టుకునే గుణం ఉంది, మొక్కకు కావలి కాసే జన్యువు. కానీ మా వైపు వైరసు మామూలుది కాదు. అది లోపలికి వచ్చిందంటే ఆ కావలివాడు దాన్ని చంపాలని ఇల్లంతా తగలబెట్టేస్తాడు. మొక్క వేళ్ళ దాకా నల్లబడి చచ్చిపోతుంది. అందుకని రెండో జన్యువు కూడా కావాలి, వైరసును అసలు గడపే దాటనివ్వనిది. దాంతో చిక్కేమిటంటే, అది తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే పనిచేస్తుంది. ఒక వైపు నుంచే వస్తే ఉండీ లేనట్టే. చూస్తే తెలియదు, ముట్టుకుంటే తెలియదు. దాని పక్కనే ఉండే చిన్న గుర్తు, మార్కరు అంటారు, దాన్ని వెతికి పట్టుకోవడమే దారి. ఆకు ముక్కను నూరి, మందులు కలిపి, యంత్రంలో పెట్టి, జిగురు పలక మీద పరుగెత్తించి, నీలం దీపం కింద పెడితే సన్నటి గీత ఒకటి కనబడుతుంది. ఆ గీత కోసమే డోరికా ఏళ్ళ తరబడి వంగి వంగి నడిచింది.

ప్రతి తరంలోనూ గీత ఉన్న మొక్కను పట్టుకుని మళ్ళీ పిట్టగుడ్డుతోనే కలిపారు. అలా ఏడుసార్లు. మిగతా గుణాలన్నీ అమ్మ డబ్బాలోవే కావాలి, ఈ రెండు జన్యువులు మాత్రం కొత్తగా చేరాలి. ఏడోసారి అయ్యాక, రెండో జన్యువు రెండు వైపులా రావాలని మొక్కను దానితోనే కలిపి దాచుకున్న విత్తనాలన్నీ పోయినేడాది తుఫానులో గది పైకప్పు ఎగిరిపోయి తడిసి బూజు పట్టిపోయాయి. వెతికి వెతికి మిగిలినవి ఏరితే మొలిచేవి ఇరవై నాలుగు తేలాయి. ఇరవై నాలుగంటే ఇరవై నాలుగే.

అవతల మార్చి నెలాఖరుకు ఈ పనికి డబ్బులిచ్చేవాళ్ళు చేతులు దులుపుకుంటున్నారు. జూనులో డోరికాకు రిటైరుమెంటు. అంటే ఈ ఇరవై నాలుగు కుండీల్లోంచి ఈ వానాకాలంలోనే విత్తనం రావాలి. రాకపోతే పిట్టగుడ్డు ముసలివాళ్ళు చెప్పుకునే కబుర్లలోకి వెళ్ళిపోతుంది.

మొక్కలు రెండాకులు వేసిన రోజుల్లోనే చెల్లెలు పోయింది. చావింట్లో మూడు రాత్రులు ఆడవాళ్ళందరితో పాటు చాప మీద పడుకుని, పాటలు పాడీ పాడీ గొంతు పోగొట్టుకుని, నాలుగో రోజు పొద్దున ఖననం కాగానే డోరికా నడుముకు చుట్టుకున్న అదే చితెంజె గుడ్డతో, కాళ్ళకు అదే ఎర్రమట్టితో, మినీబస్సెక్కి తిన్నగా స్టేషనుకు వచ్చింది. ఒక్కరోజు ఆగితే ఏం కొంపలు మునిగేవి? మునిగేవే. కరెంటు ఆ రోజే ఉంటుందన్నారు. ఆకులు కత్తిరించింది, మందులు కలిపింది, మూడుసార్లు కరెంటు పోతే మూడుసార్లు కాచుకుని కూర్చుంది. మర్నాడు పలక మీద ఐదు గీతలు కనబడ్డాయి. 2, 9, 11, 18, 20.

"ఐదు!" అన్నాడు డాక్టరు సిబాలే. స్టేషనులో ఈ పనికి పెద్ద ఆయనే. డోరికా కంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు, ఆవిడను పేరు పెట్టి పిలవడు. "అమ్మా, ఐదు చాలు మనకి."

"చాలు బాబూ," అంది డోరికా. సంతోషించడానికి కూడా ఓపిక లేకపోయింది.

మిగిలిన పందొమ్మిదింటినీ వేళ్ళతో సహా పెకలించి తట్టలో వేసింది. పనికిరాని మొక్క స్టేషనులో ఉండకూడదు, గోతిలో వేసి మట్టి కప్పాలి. అది రూలు. తట్ట ఎత్తుకుపోయింది తెరెజా. కుండీలకు నీళ్ళు పోసేది, బయట మళ్ళలో కలుపు తీసేది ఆవిడే. డోరికా కంటే నాలుగేళ్ళు పెద్దది, మొగుడు లేడు. దినకూలీ. నోరు మాత్రం స్టేషను డైరెక్టరుది.

"ఇంత పచ్చగా ఉన్నవాటినా పారేయడం?" అంది తెరెజా తట్ట చూసి.

"పచ్చగా ఉంటే ఏం లాభం అక్కా, లోపల సరుకు లేదు."

"నాలోనూ లేదు. నన్నూ పారేస్తావా?" అంటూ తట్ట నెత్తినెత్తుకుని పోయింది.

జనవరి వచ్చింది. జనవరి అంటే మా దగ్గర గాదెలు అడుగంటే నెల. కొత్త మొక్కజొన్న ఇంకా చేలో పాలు కూడా పోసుకోదు, పాతది అయిపోతుంది. అప్పుడు ఇంటిల్లిపాదికీ దిక్కు చిక్కుడాకే. ఆడవాళ్ళు సాళ్ళ వెంట నడుస్తూ ప్రతి మొక్క కొసా రెండు వేళ్ళతో తుంచి కొంగులో వేసుకుంటారు. తుంచితే మొక్క గుబురుగా కూడా వస్తుంది. ఆ తుంచడం నడకతో పాటే నేర్చుకునే పని, ఎవరూ ఆలోచించి చేయరు.

ఆ నెల మధ్యలో ఒక పొద్దున డోరికా పురుగు రాకుండా వల కట్టిన మొక్కల ఇంట్లోకి వెళ్ళి చూసింది. ఐదు మొక్కలకూ కొసలు లేవు. తుంచిన చోట ఇంకా తడి ఆరలేదు.

"ఎవరు తుంచారివి?" అని అరిచింది.

తెరెజా నీళ్ళ డబ్బా కింద పెట్టి వచ్చి, వంగి, తీరిగ్గా చూసింది. "నేనే అయ్యుంటాను."

"అయ్యుంటావా? అయ్యుంటానంటావేంటి అక్కా?"

"గుర్తుంటే తుంచానని చెప్పేదాన్నిగా. చెయ్యి దాని పాటికది తుంచుకుపోతుంది. చిక్కుడు కొస కనబడితే ఊరుకునే ఆడది ఈ కొండ మీద ఎవతుంది? నువ్వు తుంచలేదూ మీ అమ్మ చేలో?"

"ఇది చేను కాదు! తలుపు మీద అంత బోర్డు పెట్టాం."

"బోర్డుదేముందిలే. అది ఇంగ్లీషులో ఉంది, నా ఆకలి చిచేవాలో ఉంది."

"ఇందాక బయట రోగం మళ్ళో కలుపు తీశావా?"

తెరెజా చేతులు ముందుకు చాపింది. తన వేళ్ళు చూసుకుంది. ఆకు పసరుతో గోళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి. బయట కావాలనే వైరసు అంటించి పెంచే మొక్కల మడి ఒకటుంది. దాని పక్క సాల్లోంచే ఆవిడ పొద్దుటి కూర కోసుకుంది. అవే వేళ్ళు.

పదో రోజుకు మొదటి మొక్క కొస వాడింది. కాండం లోపల నల్లటి చార దిగింది. వారం తిరక్కుండా ఐదూ నల్లబడి పోయాయి. డోరికా ఒకదాన్ని పెకలించి చూస్తే వేరు బొగ్గు రంగులో ఉంది. ఏడవాలనిపించింది, ఏడుపు రాలేదు. దాని బదులు కోపం వచ్చింది. తిన్నగా కూలీల మేస్త్రీ దగ్గరికి నడిచి, తెరెజా కూరాకు కోసం ఐదు మొక్కలూ చంపిందని కాగితం మీద రాసిచ్చింది. మేస్త్రీకి అంతకంటే ఏం కావాలి? మర్నాడు పొద్దుటి హాజరు పిలుపులో తెరెజా పేరు చదవలేదు.

తెరెజా పార భుజాన వేసుకుని గేటు దగ్గర కాసేపు నిలబడింది. "డోరికా," అని పిలిచింది. అమ్మా అనలేదు, చెల్లీ అనలేదు. "ముప్ఫై ఏళ్ళు ఇక్కడే వంగాను. ఆకు తిన్నానని పంపేశారంటే ఊళ్ళో నవ్వుతారే."

డోరికా కిటికీ మూసుకుంది. ఆకలి నెలలో ఒక ముసల్దాని కూలి పోగొట్టడమంటే ఏమిటో తెలియని మనిషి కాదు డోరికా. తెలిసే చేసింది.

ఆ సాయంత్రం సిబాలే వచ్చి ఖాళీ కుండీల పక్కన తిరగేసిన బకెట్టు మీద కూర్చున్నాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"అమ్మా, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. తెరెజా తుంచింది, రోగం అంటింది, ఒప్పుకున్నాను. కానీ మన ఐదింటిలో రెండో జన్యువు ఉంటే అంటించినా అంటకూడదు కదా? రోగం ముద్ద చేసి పూసినా పచ్చగా నిలబడాలి కదా? మనం పదకొండేళ్ళూ చేసింది అందుకేగా?"

డోరికా ఖాళీ కుండీలోకి చూసింది. ఆ ఆలోచన ఆవిడకు రాలేదా? వచ్చింది. కాగితం రాసిస్తున్నప్పుడే ఒక మూల మెదిలింది. తోసేసింది.

"మార్కరు అబద్ధం చెప్పిందేమో బాబూ," అంది చివరికి.

"చెప్పిందేమో," అన్నాడు సిబాలే. వాదించే ఓపిక అతనికీ లేదు. "మిగతా పందొమ్మిదీ ఉంటే ఏదైనా చూసేవాళ్ళం. గోతిలో వేశారుగా."

"వేశాం."

"పోనీండి," అని లేచి, ప్యాంటు దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి అంతా వానలు. డోరికా రోజూ వచ్చింది, రోజూ వెళ్ళింది, ఏం చేసిందో అడిగితే చెప్పలేదు. మార్చి మొదటి వారంలో సామాన్లు అప్పగించాలి గనక ఫ్రీజరు ఖాళీ చేయమన్నారు. మంచు గీకుతూ ఒక్కొక్క పళ్ళెమే తీస్తోంది. ఆ ఇరవై నాలుగింటి పళ్ళెం చేతికొచ్చింది. పారేయబోయి, ఎందుకో కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

ఈ పళ్ళేలకు నాలుగు మూలల్లో ఒక మూల కోసినట్టుంటుంది, తిరగబడకుండా గుర్తు కోసం. మొదటి మొక్క ఆకు ఆ కోసిన మూల గుంటలో పడాలి. ఆకు వేయగానే ఆ గుంట పక్కన పెన్నుతో 1 అని రాయడం డోరికాకు పదకొండేళ్ళ అలవాటు. లోపల యంత్రం దగ్గరికొచ్చాక ఆ అంకె చూడదు, చెయ్యే కోసిన మూల నుంచి మొదలుపెడుతుంది. అదీ అలవాటే. ఈ పళ్ళెంలో 1 అన్న అంకె కోసిన మూల పక్కన లేదు. సరిగ్గా ఎదురు మూలలో ఉంది.

డోరికా పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వేళ్ళు మంచుకు తిమ్మిరెక్కుతున్నా కింద పెట్టలేదు. ఆ రోజు చావింటి నుంచి వచ్చి కుండీల దగ్గర పళ్ళేన్ని తిప్పి పట్టుకుంది. మొదటి మొక్క ఆకు ఆఖరి గుంటలో, ఆఖరి మొక్క ఆకు మొదటి గుంటలో. రెండు అనుకున్న గీత అసలు రెండో మొక్కది కాదు, వెనక నుంచి రెండోది, ఇరవై మూడోది. తొమ్మిది అనుకున్నది పదహారు. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. 23, 16, 14, 7, 5. మార్కరు నిజమే చెప్పింది. అసలైన ఐదింటినీ తనే పెకలించి తట్టలో వేసింది. సరుకు లేని ఐదింటిని వలలో పెట్టి కాచింది. వాటిని తెరెజా వేలు కాకపోతే రేపు మరో పురుగు చంపేది.

"అయ్యో," అంది పైకే. "అయ్యో తెరెజా."

పొలాల అవతల గోతి దగ్గరికి వాన జల్లులోనే నడిచింది. పార తెచ్చుకుని తవ్వింది. కుళ్ళిన ఆకులు, పగిలిన కుండీలు, ప్లాస్టిక్ సంచులు వచ్చాయి. ప్రతి మొక్కకూ కాండానికి పసుపురంగు ప్లాస్టిక్ బిళ్ళ కట్టి ఉంటుంది, నంబరుతో. మొక్క కుళ్ళినా బిళ్ళ కుళ్ళదు. పందొమ్మిది బిళ్ళల్లో ఒక్కటీ లేదు.

కలుపు తీస్తున్న ఆడవాళ్ళు నడుములెత్తి చూశారు. వాళ్ళలో లెఫినా అనే ఆమె మొహమాటం లేని మనిషి. "ఏం పోగొట్టుకున్నావమ్మా? పన్నా, ముక్కుపుడకా?"

"పోయిన డిసెంబరులో పారేసిన మొక్కలు."

ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని కిసుక్కున నవ్వారు.

"బతికున్న చిక్కుడు మొక్కను గోతిలో ఎవరు పారేస్తారమ్మా? చదువుకున్నవాళ్ళు పారేస్తారేమో," అంది లెఫినా. "మీరు పారేయమన్నవి ఏనాడైనా గోతి దాకా వచ్చాయా? వాటాలేసుకుని ఎవరి తోటలో వాళ్ళం పాతుకుంటాం. ఆకుకన్నా వస్తుందిగా. ఆ తట్ట తెరెజాది, మేం ముట్టుకోలేదు."

ఇరవై ఆరేళ్ళుగా తను పాటించిన రూలు ఈ నవ్వులో కొట్టుకుపోవడం చూసి డోరికాకు కోపం రావాలి. రాలేదు. "తెరెజా తోట ఎక్కడ?" అని అడిగింది.

"తెలీదూ? నువ్వు పంపేసింది అక్కడికేగా. వాగు కింద ఊటనేలలో."

ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి? దారంతా అదే. తిరిగిపోదామని రెండుసార్లు ఆగింది కూడా. కానీ అమ్మ డబ్బా గుర్తొచ్చి కాళ్ళు మళ్ళీ ముందుకే పడ్డాయి.

తెరెజా తోటలో మూడు రాళ్ళ పొయ్యి మీద కుండ పెట్టుకుని కూర్చుని ఉంది. డోరికాను చూసి లేవలేదు.

"రా రా. దొంగను పట్టుకోవడానికొచ్చావా? కాగితం, పెన్ను తెచ్చుకున్నావా?"

"అక్కా..."

"అక్కా అనకు. అక్కలు ఆకు దొంగతనం చేయరు."

డోరికా తడిసిన గట్టు మీదే కూలబడింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక అంతా ఒక్కసారే చెప్పేసింది. చావింటి నుంచి రావడం, పళ్ళెం తిరగబడడం, మంచివి పారేసి చెడ్డవి దాచడం, చచ్చినవి ఎవరి వేలికీ చావాల్సినవే కావడం. "నువ్వు చంపలేదు అక్కా. నేను పళ్ళెం తప్పు పట్టుకున్నాను. డాక్టరు గారు అడిగారు కూడా. అప్పుడైనా ఆలోచించాల్సింది, ఆలోచించలేదు. నీ మీద పెట్టేస్తే తేలికనిపించింది."

తెరెజా పొయ్యిలోకి పుల్ల తోసింది.

"తేలికే మరి," అంది. "నెలకు పైగా ఈ ఊటలో ఒక్కదాన్నే వంగాను. ఎవరితోనూ మాట్లాడకుండా. పచ్చి అరటికాయలు ఉడకబెట్టుకుని తిన్నాను. నీకు తేలికైంది."

డోరికా తల వంచుకుంది.

"ఆ మొక్కలు..." అంది.

"పందొమ్మిదీ పాతాను. వేలాడే బిళ్ళలు కూడా తీయలేదు, ఉన్న పేరు తీసేయడం ఎందుకని. రోజూ ఆకు కోశాను. ఈ చేత్తోనే, పాపిష్టి చేత్తో. ఫిబ్రవరికి పద్నాలుగు నల్లబడి పోయాయి."

"మిగతావి?"

తెరెజా గడ్డంతో తోట చివరకు చూపించింది. డోరికా లేచి, జారుతూ, గట్లు దాటి వెళ్ళింది. నల్లబడి ఎండిన కాడల మధ్య నాలుగు గుబురు మొక్కలు. కొసలన్నీ తుంచి తుంచి పొట్టిగా, పక్కలకు విస్తరించి ఉన్నాయి. కిందాకులు పండి పసుపెక్కుతున్నాయి, కాయలు గలగలలాడుతున్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని బిళ్ళలు తుడిచింది. 5. 7. 16. 23. రోగం మడిలో కలుపు తీసిన వేళ్ళతో రెండు నెలలు తుంచినా ఒక్క మచ్చ లేదు. స్టేషనులో ఏ పరీక్షా ఇంత కఠినంగా పెట్టి ఉండేవాళ్ళు కాదు.

"పద్నాలుగేది?" అని అక్కణ్ణుంచే అరిచింది.

"ఏ పద్నాలుగు?"

"ఐదోది ఉండాలి! ఐదు బతకాలి!"

తెరెజా కుండ మూత తీసింది. "ఇదిగో, ఇక్కడుంది. కాయ ఇంకా పచ్చిగా ఉందని ఇవాళే వలిచాను. నువ్వొస్తావని కల కన్నానా?"

డోరికా తిరిగొచ్చి కుండలోకి చూసింది. ఎర్రమచ్చల గింజలు, కొత్త మొక్కజొన్న గింజలతో కలిసి కుతకుత ఉడుకుతున్నాయి. పదకొండేళ్ళు, ఏడు తరాలు, అందులో ఐదో వంతు ఈ కుండలో. నవ్వొచ్చింది. నవ్వబోతే కళ్ళ నీళ్ళొచ్చాయి.

తెరెజా చెంబుతో నీళ్ళు పోసి చేతులు కడుక్కోమంది. రేకు పళ్ళెంలో గరిటెడు వేసి ముందుకు తోసింది. "తిను."

"వద్దక్కా, ఇది..."

"తినవే. మీ అమ్మది మీ ఇంట్లో ఎన్నిసార్లు తిన్నానో నాకు తెలుసు. ఈ నోటికి ఇది అదే అనిపించింది. కానీ ఆకలిగా ఉన్న నోరు ఏమన్నా అంటుంది. నువ్వు చెప్పు. అదేనా?"

డోరికా నాలుగు గింజలు నోట్లో వేసుకుంది. నమలక్కర్లేకపోయింది. తోలు విడిపోయి, తియ్యగా, కొంచెం మట్టివాసనతో కరిగిపోయాయి. అమ్మ వంటింట్లో పొగ, చెల్లెలు తన పళ్ళెంలోంచి గింజలు ఎత్తుకెళ్ళడం, అన్నీ ఒక్కసారి వచ్చి పడ్డాయి. చావింట్లో మూడు రాత్రులు రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"అదే," అంది. "అదే అక్కా."

తెరెజా ఓదార్చలేదు. ఏడుపు అయ్యేదాకా పొయ్యి చూసుకుంటూ కూర్చుంది. అయ్యాక లేచి, వెళ్ళి, మూడు మొక్కలు వేళ్ళతో సహా పీకి తెచ్చి చితెంజె గుడ్డలో చుట్టి ఇచ్చింది. నాలుగోదాన్ని ముట్టుకోలేదు.

"అది నాది. నువ్వు పారేస్తే నేను ఏరుకున్నాను. మీ స్టేషనుకు దాని సంగతి అనవసరం."

రూలు ప్రకారం మొక్కా, గింజా, బిళ్ళా అన్నీ స్టేషనువే. డోరికాకు ఆ రూలు నోటికి వచ్చు. "నీదే," అంది.

"ఇంకోటి. కాగితం రాసిచ్చావుగా అందరికీ తెలిసేలా. ఇది కూడా అందరికీ తెలియాలి. నా చెవిలో చెప్పి పోతే కుదరదు."

మర్నాడు సిబాలే గింజలు వలిచి లెక్కపెట్టాడు. ముప్ఫై ఎనిమిది. పళ్ళెం సంగతి డోరికా చెబుతుంటే విని, కళ్ళజోడు తుడిచే నెపంతో తీసి కళ్ళు తుడుచుకున్నాడు. డబ్బులిచ్చేవాళ్ళకు ఉత్తరం రాస్తానన్నాడు. వాళ్ళు ఒప్పుకుంటారని అతనూ అనలేదు, ఆవిడా అడగలేదు. "ముప్ఫై ఎనిమిది," అని మాత్రం ఇంకోసారి అన్నాడు. తెరెజా పేరు మళ్ళీ ఎక్కించమని మేస్త్రీకి చీటీ రాసిచ్చాడు.

సోమవారం పొద్దున పిలుపు వేళకు ఇరవై మంది ఆడవాళ్ళు పారలతో వరసగా నిలబడ్డారు. చివర తెరెజా ఉంది. మేస్త్రీ కాగితం విప్పబోతుంటే డోరికా ముందుకొచ్చింది. రాత్రంతా కూడబలుక్కున్నది ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

"చిక్కుడు మొక్కలు చచ్చింది తెరెజా చెయ్యి తగిలి కాదు," అంది. "నేను పళ్ళెం తిప్పి పట్టుకున్నాను. తప్పు నాది. నాలో తప్పు పెట్టుకుని ఆవిడ మీద రాశాను."

లెఫినా కూడా నోరు తెరవలేదు. మేస్త్రీ కాగితం వైపే చూస్తూ నిలబడ్డాడు. డోరికాకు మొహం మండిపోతోంది.

తెరెజా పార భుజానికెత్తుకుంది. "విన్నారుగా," అంది. "ఇక పదండి, ఎండెక్కుతోంది."